పిడికెడు బియ్యము – పద్దు పుస్తకము

శతాబ్ది పండుగ అనగానే మనకు మొదట జ్ఞాపకమునకు వచ్చునవి దేవాలయములు, పాఠశాలలు, వైద్యశాలలు. వాటిని స్థాపించిన పెద్దల పటములు గోడలపై నున్నవి. పునాది రాళ్ల మీద తేదీలు చెక్కబడి యున్నవి. కాని ఆ రాళ్లు కొనిన సొమ్ము ఎక్కడనుండి వచ్చినది, వచ్చిన సొమ్ము ఎట్లు ఖర్చయినది, అది రాకుండ ఆగిపోయిన దినమున ఏమి జరిగినది అను సంగతులు మాత్రము ఏ రాతిమీదను లేవు. ఈ వ్యాసములో మేము ఆ సంగతులనే ముచ్చటింప దలచినాము. ఇది కోశాధికారులకు సంబంధించిన విషయమని తలంచి పాఠకులు పుట త్రిప్పవద్దని మనవి. డబ్బు సంగతి మనకెందుకని ఊరకున్న సంఘములు ఎట్టి చిక్కులలో పడినవో చరిత్రయే చెప్పుచున్నది.

లాభాపేక్ష లేని ఏ సంస్థకైనను, అది సంఘమే కానిండు, అనాథశాలయే కానిండు, ఊరి గ్రంథాలయమే కానిండు, రెండు ప్రశ్నలు తప్పవు. కావలసినది ఎట్లు సమకూర్చుకొనవలెను? సమకూరినదానిని ఎట్లు వినియోగింపవలెను? తెలుగు దేశములోని క్రైస్తవ సంఘములు రెండు శతాబ్దములుగా ఈ ప్రశ్నలతోనే కాపురము చేయుచున్నవి.

దూరపు తీర్మానములు

మన తొలి రోజులు పరదేశపు సొమ్ముతో గడచినవి. ఆ కానుకలు పంపినవారిలో ఎక్కువమంది ధనికులు కారు. రైతులు, పనివారు, విధవరాండ్రు తమ సంపాదనలో కొంత మిగిల్చి సముద్రము దాటించి పంపిరి. వారి ఋణము మనము మరువరాదు. అయినను ఆ ఏర్పాటులో ఒక బలహీనత ఉండెను. సొమ్ము ఎక్కడ పోగయినదో తీర్మానము కూడ అక్కడనే జరుగుచుండెను.

నెల్లూరు సంగతి చూడుడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరిరి. ఎన్నో ఏండ్లు కష్టపడినను సంఘములో చేరినవారు బహు కొద్దిమంది. ఇంత ఖర్చునకు ఇంతేనా ఫలము అని అమెరికాలో చర్చలు లేచినవి. ఆ మిషనును మూసివేయుదమా అను ప్రశ్న 1848లోను, మరల 1853లోను, మరల 1862లోను వచ్చెను. పటములో ఒంటిగా నున్న చుక్కగా కనబడుటచేత దానికి ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు వచ్చినది. మూడు మారులును అది ఆరిపోక నిలిచినది గాని, నెల్లూరు విశ్వాసుల భవిష్యత్తును గూర్చి ఓట్లు వేయబడిన సభలో నెల్లూరు విశ్వాసి ఒక్కడును లేడు.

రాజమహేంద్రవరములో మరియొక విధముగా జరిగెను. 1845లో ఉత్తర జర్మనీ మిషను వారు అక్కడ పని ప్రారంభించిరి. 1848లో జర్మనీ దేశములో విప్లవము రేగి, కానుకలు సన్నగిల్లినవి. అటుపిమ్మట ఆ పని అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము రాగా దక్షిణాంధ్రలో పనిచేయుచున్న హెర్మన్స్‌బర్గ్ మిషను జర్మనులను ప్రభుత్వము నిర్బంధించెను. వారి పనిని అమెరికాలోని ఒహాయో లూథరనులు అందుకొనిరి. 1930 తరువాత అమెరికాలో ఆర్థిక మాంద్యము రాగా మిషను బోర్డులు తమ గ్రాంటులను కోసివేసినవి. ఎక్కడో బ్యాంకు మూతపడినచో ఇక్కడ పల్లెలోని ఉపదేశకుని జీతము తగ్గెను. ఇందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. ఊట మన పొలములో లేనప్పుడు కాలువ ఎండిపోవుటయు మన చేతిలో లేదు. అంతే.

కరవులో నేర్చిన పాఠములు

వచ్చిన సొమ్మును ఎట్లు వినియోగింపవలెనో మన పూర్వులకు నేర్పినది కరవు. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా కరవును ముసలివారు ధాతు కరవని చెప్పుకొనెడివారు. ఆ దినములలో ఒంగోలులో నుండిన జాన్ క్లౌ దొరగారు యౌవనములో భూములు కొలిచే సర్వే పని నేర్చినవారు. మద్రాసు ప్రభుత్వము కరవు పనిగా బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండగా, వారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసికొనిరి. సంఘ బోధకులను మేస్త్రీలుగా పెట్టిరి. వేలాది బీద జనులు, విశేషముగా మాదిగ కుటుంబములవారు, అక్కడ మన్ను మోసి కూలి తెచ్చుకొని ప్రాణములు నిలుపుకొనిరి.

ఇందులో మనము గమనింపవలసినవి మూడు గలవు. మొదటిది, మిషను పెట్టెలో లేని సొమ్ము ప్రభుత్వ పనిలో దొరకినది. అంటే సంస్థకు కావలసినదెల్ల విరాళముగానే రానక్కరలేదు, న్యాయమైన పనికి కూలిగా కూడ రావచ్చును. రెండవది, దొరగారికి యౌవనములో అబ్బిన కొలతల విద్య ఆ కాలమున రూపాయలకంటె విలువైన మూలధనమయ్యెను. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కరవు సహాయము జరుగుచున్నంత కాలము, పదునైదు నెలలపాటు, క్లౌ దొరగారు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. అన్నము కొరకు వచ్చితిరను మాట వారి మీద పడకూడదని ఆయన ఆగిరి. కరవు పనులు ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సహాయమునకు షరతు కట్టనివాని మాటకే గౌరవము కలుగునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మెదకులోని మహా దేవాలయము కూడ కరవు బిడ్డయే. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్న జనులకు ఊరక ధాన్యము పంచుటకు బదులు పని కల్పించి తిండి పెట్టదలచిరి. 1914లో ఆరంభమైన కట్టడము పదేండ్లు సాగెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు గల ఆ మందిరమును, 175 అడుగుల ఎత్తు గోపురమును చూడ వచ్చు యాత్రికులు రంగుల అద్దములను చూచి ఆశ్చర్యపడుదురు. మేము మాత్రము మరియొక సంగతికి ఆశ్చర్యపడుచున్నాము. ఆ రాళ్లు మోసినవారికి దానము పుచ్చుకొంటిమన్న తలవంపు లేదు. వారు తిన్న అన్నము ఆ దినమే అరిగిపోయినను, వారి చెమట నూరేండ్లు దాటి నిలిచియున్నది. ఒకే రూపాయి ఆకలియు తీర్చెను, ఆస్తియు మిగిల్చెను.

గుంటూరు వైద్యశాల చరిత్రలో ఇంకొక పాఠము గలదు. డాక్టరు అన్నా కూగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరు వచ్చినప్పుడు ఆమెను వైద్యమునకు నియమింపలేదు, జనానాల్లో బోధకు, బడి పనికి నియమించిరి. ఆమె మాత్రము రోగులను విడువలేదు. అమెరికా లూథరన్ స్త్రీల కానుకలతో 1898లో స్త్రీల వైద్యశాల తెరువబడెను. తరువాత ఏలూరు జమీందారు భుజంగరావు గారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞులై, రోగుల బంధువులు దిగుటకు సత్రము కట్టించిరి. వారు క్రైస్తవులు కారు. సేవ నిజమైనదైనచో సహాయము చేయువారు సంఘపు గోడల వెలుపల కూడ నున్నారని దీనివలన తెలియుచున్నది.

మన మనుష్యులు, మన ధనము

పరాధీనతను తెంచుకొనవలెనను తలంపు దక్షిణమున తిరునెల్వేలిలో బలపడెను. 1903 ఫిబ్రవరిలో పాలయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. భారతీయులే పనివారై, భారతీయుల సొమ్ముతో, భారతీయుల నిర్వహణలోనే సాగవలెనన్నది వారి కట్టడ. దాని స్థాపనలో ముందు నిలిచినవారు వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు. ఆ సొసైటీ తన తొలి పొలముగా ఎన్నుకొన్నది నిజాము రాజ్యములోని దోర్నకల్లును, అనగా మన తెలుగు పల్లెలను. తాటి తోపుల నడుమ బ్రతుకు తమిళ గ్రామస్థుల అణాలు, పైసలు ఆ విధముగా తెలుగు కూలివారి కొరకు వచ్చినవి. అజరయ్య గారు తామే 1909లో దోర్నకల్లు వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అధ్యక్షులుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆయన మేపిన మందలో అధిక భాగము మాల, మాదిగ కూలివారు. ఏడాదిలో కొన్ని నెలలు వారి పొయ్యిలో నిప్పు ఉండుటయే కష్టము. అట్టివారిని ఇమ్మని అడుగవచ్చునా? పుచ్చుకొనుటయే నేర్చిన సంఘము ఎన్నటికిని ఎదగదని అజరయ్య గారి నమ్మకము. ఇచ్చుట ఆరాధనలో భాగమని ఆయన బోధించిరి, క్రైస్తవ దాతృత్వమును గూర్చి పుస్తకమును కూడ వ్రాసిరి. నాణెము లేనివారు ధాన్యము తెచ్చిరి, ధాన్యము లేనివారు కోడిని గాని గ్రుడ్లను గాని తెచ్చిరి, అదియు లేనివారు తమ దినములను తెచ్చిరి. సాక్ష్య వారములో చదువురాని విశ్వాసులు కూలి మానుకొని పొరుగూళ్లకు పోయి సాక్ష్యమిచ్చుట ఆ అధ్యక్ష ఖండములో ఆచారమయ్యెను. ఒక వారపు కూలిని విడుచుకొనుట వారికి ఎంతటి కానుకయో మన జీతగాండ్రము ఊహింపవలెను. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు, క్రైస్తవ సిలువ కలిసిన దోర్నకల్లు దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. ఆరేండ్లకు, 1945 జనవరి 1న అజరయ్య గారు అక్కడనే నిద్రించిరి.

కోత పండుగ ఆచారమును మనమందరము ఎరుగుదుము. బలిపీఠము ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు చేరును. ఆరాధన ముగిసిన తరువాత వేలము జరుగును. పాడుకొన్నవారు తిరిగి దేవునికే ఇచ్చివేయగా ఒకే గుమ్మడికాయ రెండు మూడు మారులు వేలమునకు వచ్చుటయు కద్దు. పిల్లలు నవ్వుదురు, పెద్దలు పంతమునకు పాట పెంచుదురు. ఆ సందడిలో సంఘపు ఏడాది ఖర్చులో ఒక భాగము తీరిపోవును.

పిడికెడు బియ్యము సంగతి ఇంకను గొప్పది. ఈశాన్యమున మిజో కొండలలో, వేల్సు దేశపు మిషనరీలు పనిచేసిన సంఘములలో, 1910లో ఒక పద్ధతి మొదలయ్యెను. దానిని వారు ‘బుహ్‌ఫాయి థామ్’ అందురు, పిడికెడు బియ్యమని అర్థము. ఇల్లాలు పూట పూటకు వండబోవునప్పుడు ఒక పిడికెడు బియ్యము తీసి వేరే పాత్రలో వేయును. సంఘ స్త్రీలు దానిని ఇంటింట పోగుచేసి తెత్తురు, సంఘము అమ్మి సొమ్ము చేయును. పరదేశ మిషనరీలు వెళ్లిపోయిన తరువాత కూడ ఆ సంఘము తన కాళ్లపై నిలిచి, దేశపు ఇతర ప్రాంతములకు తానే పనివారిని పంపుచున్నది. కేరళలో దీనినే ‘పిడియరి’ అందురు. మన తెలుగు పల్లెలలోను బియ్యము తీసిపెట్టు కుండలు ఉండెడివి. స్టీలు డబ్బాలు వచ్చిన తరువాత ఎక్కువ ఇండ్లలో ఆ అలవాటు కనుమరుగైనది.

ఈ పిడికెడు బియ్యములో నున్న బలమేమి? బీదవాడు కూడ ఇయ్యగలడు. ఏడాదికొకసారి కాక దినదినము జరుగును. ఇల్లాలి చేతిమీదుగా జరుగుటచేత ఇంటిల్లిపాది ఎరుగుదురు. అన్నిటికి మించి, ఇచ్చిన ప్రతివారికిని నా బియ్యము ఏమైనదని అడుగు హక్కు కలుగును. ఒక ధనికుడు లక్ష ఇచ్చినచో లెక్క అడుగువాడు ఒక్కడే. వేయి ఇండ్లవారు ఇచ్చినచో లెక్క అడుగువారు వేయిమంది. అయితే బీదవాడు ఇయ్యగలడనుట వేరు, బీదవానిని పీడించి పుచ్చుకొనుట వేరు. పిడికిలి ఇచ్చువానిదై యుండవలెను గాని అడుగువానిది కారాదు.

యోవాషు పెట్టె

పోగుచేయుట సగము పనియే. రాజుల రెండవ గ్రంథము పండ్రెండవ అధ్యాయములో యోవాషు రాజు చరిత్ర గలదు. మందిరము బాగుచేయుటకు ప్రజలిచ్చిన ద్రవ్యమును యాజకులు పుచ్చుకొనుచుండిరి. రాజు ఏలుబడిలో ఇరువది మూడవ ఏడు వచ్చినను మందిరము బాగుపడలేదు. వారు దొంగలని గ్రంథము చెప్పదు. ఏర్పాటే సరిగా లేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెప్పించి, మూతకు బెజ్జము చేయించి, బలిపీఠము దగ్గర అందరు చూచు చోట పెట్టించెను. పెట్టె నిండినప్పుడు రాజు ప్రధాన లేఖకుడును ప్రధాన యాజకుడును ఇద్దరు కలిసి లెక్కించి, పనివారికి ఇప్పించిరి. మందిరము బాగుపడెను. జనుల విశ్వాసము మారలేదు, ఔదార్యము మారలేదు, పెట్టె మాత్రమే మారినది.

పౌలు సైతము యెరూషలేము బీదల కొరకు పోగైన చందాను ఒంటరిగా మోసికొనిపోలేదు. ఎవరును తప్పు పట్టకుండునట్లు సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట తీసికొనెను. అపొస్తలునికే సాక్షులు కావలసి యుండగా, మన కమిటీలకు అక్కరలేదనుట ఎట్లు?

నేటి పరిస్థితి

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత అధికారము మన చేతికి వచ్చెను. సొమ్ము మాత్రము చాల ఏండ్లు అవతలినుండియే వచ్చుచుండెను. 1976లో పరదేశ విరాళములపై ప్రత్యేక చట్టము వచ్చెను. 2010లో దాని స్థానమున కొత్త చట్టము వచ్చెను. 2020 సవరణతో నియమములు మరింత బిగిసినవి. పరదేశపు సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే జమ కావలెను. ఆఫీసు ఖర్చులకు నూటికి ఇరువదికి మించరాదు, పూర్వము ఏబది వరకు చెల్లెడిది. పుచ్చుకొన్న సంస్థ దానిని మరియొక సంస్థకు పంచి ఇయ్యరాదు. పెద్ద సంస్థల ద్వారా సహాయము పొందుచుండిన చిన్న సంస్థలకు ఈ కడపటి నియమము గట్టి దెబ్బ. పరదేశ దాతల మీద ఆధారపడిన వసతి గృహములు ఎన్నో మూతపడినవి. వాటిలో ఉండి చదువుకొనవలసిన పిల్లలు ఎక్కడికి పోవలెను? మన శతాబ్ది పండుగ ఎదుట నున్న ప్రశ్న ఇదియే.

దేశములోపల దారులు లేకపోలేదు. 2013 కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ సేవకు వెచ్చింపవలెను. చదువు, వైద్యము, త్రాగునీరు, పారిశుధ్యము ఆ జాబితాలో నున్నవి. ఆరాధన ఖర్చులు అందులో లేవు. కనుక పాఠశాల, వైద్యశాల పద్దులను సంఘపు పద్దులతో కలిపివేసినవారు అడుగుటకే అర్హత పోగొట్టుకొందురు. ఆదాయపు పన్ను మినహాయింపు కోరు ధర్మసంస్థ సాధారణముగా తన ఆదాయములో నూటికి ఎనుబది యైదు వంతులను ఆ ఉద్దేశమునకే వినియోగింపవలెను. పద్దు సరిగా నున్నవారికి ఈ నియమములు కంచెవలె కాపుదల నిచ్చును, పద్దు లేనివారికి ముండ్లవలె గ్రుచ్చుకొనును.

ఇక మన ఆస్తుల మాట. పూర్వులు కొనిన స్థలములు నేడు పట్టణముల నడిబొడ్డున బడినవి. వాటి విలువ పెరిగినకొలది కన్నులు వేయువారు లోపలను వెలుపలను పెరిగిరి. జీతములు చెల్లించుటకు స్థలము అమ్ముట విత్తనపు వడ్లు దంచి వండుకొనుటతో సమానము. ఆ పూట కడుపు నిండును, తొలకరికి చల్లుటకు గింజ యుండదు. అమ్మక తప్పని చోట వచ్చిన సొమ్ము మరల స్థిరాస్తిగానో నిలువ నిధిగానో మారవలెను గాని రోజు ఖర్చులో కరిగిపోరాదు.

చేయదగిన పనులు

చరిత్ర నేర్పిన దానిని బట్టి ప్రతి గురుమండలము రేపటినుండి చేయదగిన పనులు కొన్ని గలవు. కానుక ఎప్పుడును ఇద్దరు కలిసి లెక్కింపవలెను, ఆ ఇద్దరు ఒకే ఇంటివారు కారాదు. పుచ్చుకొన్న ప్రతి పైసకు రశీదు, ఇచ్చిన ప్రతి పైసకు వోచరు ఉండవలెను. నెల జమాఖర్చును మందిరపు తలుపు ప్రక్క, చదువగలిగిన పెద్ద అక్షరములతో, అంటింపవలెను. చదువురానివారికి కూటములో చదివి వినిపింపవలెను. బీద పిల్లల చదువునకని వచ్చినది ప్రహరీగోడకు పోరాదు. మంచి యేడు వచ్చినప్పుడు కొంత నిలువ చేయవలెను. ఐగుప్తులో యోసేపు చేసినది అదియే గదా. సంఘ స్థలముల సర్వే నంబర్లు, దస్తావేజులు, కౌలు గడువులు ఒక పుస్తకమున వ్రాసి, ప్రతి కొత్త కమిటీ సంతకము పెట్టి అందుకొనవలెను.

ఇంకొక పుస్తకము కూడ కావలెను. మన సంఘములలో రిటైరైన ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, మేస్త్రీలు ఎందరో యున్నారు. ఎవరికి ఏ విద్య వచ్చునో, వారమునకు ఎన్ని గంటలు ఇయ్యగలరో వ్రాసికొన్న సంఘమునకు జీతపు ఖర్చు సగము తగ్గకపోయినను, పని మాత్రము రెట్టింపగును. పట్నములలోను పరదేశములలోను స్థిరపడిన మన పిల్లలకు ఊరి సంఘము మీద ప్రేమ యున్నది. వారడుగునది ఒక్కటే, పంపినది ఏమైనదని. జవాబు లేని చోట ప్రేమ చల్లారును.

నూరేండ్ల చరిత్రను త్రిప్పి చూడగా మాకు తోచినది ఇది. సంస్థను నిలిపినది పెద్ద దానము కాదు, ఎందరు ఇచ్చిరి, ఎందరికి లెక్క తెలిసినది అనునవే. ఇచ్చు చేతులు వేలుగా నున్నచో ఒక చేయి ఆగినను పొయ్యి ఆరదు. లెక్క అందరి కన్నుల ఎదుట నున్నచో అపనింద నిలువదు. పిడికెడు బియ్యము ఉండి పద్దు పుస్తకము లేకపోతే ఆ బియ్యమునకు పురుగు పట్టును. పద్దు పుస్తకము ఉండి పిడికెడు బియ్యము లేకపోతే అందులో వ్రాయుట కేమియు ఉండదు. ఈ రెంటిని కలిపి పట్టుకొని రెండవ శతాబ్దములోనికి అడుగిడు కృపను ప్రభువు మనకు దయచేయును గాక.